బల్ల విభాగానికి ఆరో మనిషి

హవల్దారన్న పేరుకు ఎదురుగా సున్నా వేసింది నేనే.

మా రైఫిల్ క్లబ్బుకు నేను కార్యదర్శిని. ఆ ఏడు ఫాల్గుణంలో జరిగిన దూరపు పోటీలో మార్కుల పుస్తకం నా చేతిలో ఉంది. ధర్మవరం దాటాక ఒక గుట్ట కింద మా కాల్పుల మైదానం. మూడు వందల మీటర్లకు ఒక వరుస టార్గెట్లు, ఐదు వందల మీటర్లకు ఇంకో వరుస. గుట్టే అన్ని గుండ్లకూ అడ్డు. పోటీదారు చాప మీద బోర్లా పడుకుని, మోచేతులు నేలకు ఆనించి కాల్చాలి. సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళు హిందీ మాట కలిపి దాన్ని లేట్ పొజిషన్ అంటారు, అంటే పడుకున్న భంగిమ. మా నిబంధనల పుస్తకంలో ఉన్నది ఆ ఒక్క పద్ధతే.

హవల్దారన్న మా అందరికంటే పెద్దవాడు. అరవై ఆరేళ్ళు. సైన్యం నుంచి వచ్చి ముదిగుబ్బ దగ్గర సొంత ఊళ్ళో వేరుశనగ పండించుకుంటున్నాడు. ఆ రోజు మూడు వందల మీటర్లు అతను పడుకునే కాల్చాడు. పది గుండ్లూ అయ్యాక అందరూ బోల్టులు తెరిచి పెట్టి, లేచి వెనక్కి వచ్చారు. అతను లేవలేదు. ఏదో సర్దుకుంటున్నాడు కాబోలు అనుకున్నాం. దగ్గరికి వెళ్ళి చూస్తే చెంప చాపకు ఆనించి, కళ్ళు తెరుచుకుని, చిన్న చిన్నగా ఊపిరి తీస్తున్నాడు.

"లేపండప్పా," అన్నాడు. "నాయంతట నేను లేయలేకుండా ఉండా."

ఇద్దరం చంకల కింద చేతులు వేసి లేపాం. దూలాన్ని ఎత్తి నిలబెట్టినట్టు మనిషి మొత్తం ఒక్కసారిగా లేచాడు. నడుము ఎక్కడా వంగలేదు. అతను ప్యాంటుకు అంటిన మట్టి దులుపుకోవాలని చూశాడు గానీ చెయ్యి మోకాలి దాకా అందలేదు.

ఐదు వందల మీటర్ల వంతు వచ్చినప్పుడు చాప దగ్గరికి వెళ్ళకుండా నేరుగా నా దగ్గరికి వచ్చాడు. నేను మార్కులు రాసుకోవడానికి ఒక ఇనుప బల్ల ఉండేది.

"నీ పుస్తకాలు తీయప్పా," అన్నాడు.

తీశాను. నా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చాపను చుట్ట చుట్టి బల్ల మీద పెట్టి, దాని మీద రైఫిల్ ఆనించాడు. వరుసలోనే ఉన్నాడు, తుపాకీ మొన గుట్టవైపే ఉంది. భద్రతకు ఏ లోటూ లేదు. అందుకే మైదానం అధికారి ఆపలేదు. పశ్చిమం గాలి ఒక్కో నిమిషం ఒక్కో రకంగా వీస్తోంది. అతను తొందరపడలేదు. పది గుండ్లు కాల్చాడు. టార్గెట్ల కింది కందకంలో ఉండి మార్కులు చూసే మార్కర్లు చూపించిన లెక్క వందకు తొంభై నాలుగు. ఆ రోజు పడుకుని కాల్చిన ముప్పై మందిలో ఎవరికీ తొంభై రాలేదు.

మా క్లబ్బు అధ్యక్షుడు రిటైరైన ఇంజనీరు. అందరం ఇంజనీరు సారు అంటాం. ఆయన మెల్లగా నా దగ్గరికి వచ్చి, "కూర్చొని కాల్చేదానికి మన దాంట్లో రూలు లేదు. ఇది లెక్కలోకి రాదు," అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. నాకు వేరే దారి తోచలేదు. సున్నా వేశాను.

హవల్దారన్న మెడ తిప్పలేడు. మొత్తం మనిషే నావైపు తిరిగాడు. "రాసుకో. నీ పని నువ్వు చేసినావు," అన్నాడు. ఫలితాలు చదవకముందే రైఫిల్ పెట్టె తీసుకుని బస్సుకు వెళ్ళిపోయాడు.

నేను ఆ క్లబ్బులోకి వచ్చిందే అతని వల్ల. మా నాయన దూదేకే పని చేసేవాడు. ఇంటింటికీ తిరిగి పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టి ఇచ్చేవాడు. నేను ధర్మవరంలో పరుపుల అంగడి పెట్టుకున్నాను. నాకు ముప్పై ఏళ్ళున్నప్పుడు క్లబ్బువాళ్ళు పన్నెండు చాపలు కుట్టమని చెప్పారు. కుట్టి తీసుకెళ్తే, హవల్దారన్న ఒక చాప మీద పడుకుని చూసి, "మోచేతుల కింద దూది ఉండగట్టినట్టుందప్పా. నువ్వే పడుకుని చూడు, తెలుస్తాది," అన్నాడు. పడుకున్నాను. చేతికి ఖాళీ రైఫిల్ ఇచ్చాడు. నేను చాప సంగతి చూడకుండా టార్గెట్ వైపు చూస్తూ ఉండిపోయాను. అతను నవ్వి, "వచ్చే ఆదివారం రా," అన్నాడు. అట్లా మొదలై ఇరవై రెండేళ్ళయింది. గాలిని చూడడం, ఎండమావులు ఏ వైపు పారుతున్నాయో దుర్బిణిలో గమనించడం, ఊపిరి బిగబట్టకుండా సగంలో ఆపడం అన్నీ అతనే నేర్పాడు.

అతని మెడ బిగుసుకుపోతోందని నాకు ఎప్పటినుంచో తెలుసు. మావైపు అది వింత కాదు. బోరు నీళ్ళలోని ఫ్లోరైడు ఎముకల్లోకి దిగుతుంది. చిన్నప్పుడు పళ్ళ మీద గోధుమ రంగు గారలు, పెద్దయ్యాక నడుము, మెడ, మోకాళ్ళు. పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాల్సినవాళ్ళు ఏ బస్సెక్కినా ఇద్దరు కనిపిస్తారు. ఇప్పుడు ఫిల్టరు నీళ్ళ క్యాన్లు వచ్చాయి గానీ, అప్పటికే ఎముకల్లో చేరింది పోదు. ఇంతమందిలో ఉంటుంది కాబట్టి ఎవరినీ అడగం. హవల్దారన్ననూ నేను అడగలేదు. అడగకపోవడం మర్యాద అనుకున్నాను.

నెల తర్వాత అతను మామూలు సాధనకు కూడా రావడం మానేశాడని గుర్తించి, ఒక ఆదివారం మోటారు సైకిల్ మీద అతని ఊరికి వెళ్ళాను. వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి సంతోషపడ్డాడు గానీ తుపాకీ మాట ఎత్తలేదు. వానల గురించి, పందులు కాయ తవ్వి తినడం గురించి మాట్లాడాడు. వాళ్ళావిడే మజ్జిగ తెచ్చి ఇస్తూ అసలు సంగతి చెప్పింది.

"పడుకుంటే లేయలేడప్పా. లేచినాక మళ్ళ పడుకోలేడు. ఆ తుపాకీ ఠాణాలో ఇచ్చేస్తానంటాండాడు. నువ్వన్నా చెప్పు."

"నిజమేనా అన్నా?" అన్నాను.

"ఇంట్లో పెట్టుకుని ఏం చేసుకోవల్ల? తుడిచేదానికా?"

మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. "సున్నా వేసింది నేనే. క్షమించమని అడిగేదానికి వచ్చినా," అన్నాను.

"దానికి ఇంత దూరం రావల్నా? రూలు లేనప్పుడు నువ్వు సున్నా కాకుండా ఏం వేస్తావు?"

"రూలు లేకపోతే రూలు పెడదాం. బల్ల దగ్గర కూర్చొని కాల్చేవాళ్ళకు వేరే విభాగం. అదే టార్గెట్టు, అదే దూరం, అదే గాలి. మార్కులు వేరే పట్టీలో."

అతని ఊరికి బయలుదేరినప్పుడు ఆ మాట నా మనసులో లేదు. అక్కడే పుట్టింది. నోటినుంచి వచ్చాక మాత్రం వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

అతను కుర్చీతో సహా నావైపు జరిగాడు. తర్వాత, "జాలి పడి పెడతాండావా?" అన్నాడు.

"లేదు. నీకు తొంభై నాలుగు వచ్చింది. నేను సాధనలో కూడా ఎప్పుడూ ఎనభై ఒకటి దాటలేదు. నీ మీద జాలిపడేంత మొనగాణ్ణి కాదు నేను."

వాళ్ళావిడ నవ్వింది. అతను నవ్వలేదు గానీ, "ఒక మాట," అన్నాడు. "డాక్టరు సర్టిఫికెట్టు తెమ్మంటే మాత్రం నేను రాను. నేను ఎంత చెడిపోయినానో ఇంకొకడు రాసిస్తే, ఆ కాగితం చూపించి తుపాకీ పట్టుకోవల్నా? కూర్చొని కాల్చేవాడు కూర్చుంటాడు, పడుకునేవాడు పడుకుంటాడు. అంతే ఉండల్ల."

సరేనన్నాను. ఆ మాట ఇచ్చినప్పుడు దాని బరువు నాకు తెలియదు.

క్లబ్బు సమావేశంలో నేను ఈ సంగతి చెప్పగానే సగం మంది తలలు వంచుకున్నారు. ఇంజనీరు సారు మాత్రం సూటిగా మాట్లాడాడు.

"బల్ల అంటే గట్టిది. మోచేతులు వణుకుతాయి, బల్ల వణకదు. ఇది సులువైన దారి కాదని నువ్వు చూపించగలవా?"

"వేరే విభాగం కదా సార్. పడుకునేవాళ్ళతో పోల్చం."

"పోల్చకపోయినా విభాగం అని పేరు పెట్టినాక దానికి ఒక పరువు ఉండల్ల. ఎవడుబడితే వాడు కూర్చొని వందకు వంద కొడితే అది పోటీనా? సంతలో బుడగలు కాల్చే ఆట అయితాది. అయినా ఆరోగ్యం బాగున్నవాడు వచ్చి కూర్చుంటే ఎట్ల ఆపుతావు? సర్టిఫికెట్టు అడగల్ల."

"అడగకూడదు సార్. అడిగితే రావల్సినవాళ్ళే రారు."

ఆ సాయంత్రం దాని మీదే గంటసేపు వాదించుకున్నాం. నేను అంత మొండిగా మాట్లాడడం నాకే కొత్త. పరుపు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళతో కూడా నేను గట్టిగా మాట్లాడేవాణ్ణి కాదు. చివరికి ఇంజనీరు సారు కాగితం తీసుకుని షరతులు రాశాడు. పరికరాల నిబంధనలు రాతలో ఉండాలి. వరుసగా మూడు పోటీల్లో ఆ విభాగం జరగాలి. ప్రతి పోటీలో ఆరుగురు పాల్గొనాలి. ఒక్కసారి ఐదుగురే వచ్చినా విభాగం రద్దు, మళ్ళీ ఆ ముచ్చట ఎత్తకూడదు. సర్టిఫికెట్టు అక్కర్లేదన్న నా మాట ఒప్పుకున్నాడు గానీ, కలం మూస్తూ, "ఇది నీ మెడకే చుట్టుకుంటాది చూడు," అన్నాడు.

తర్వాత నాలుగు నెలలు ఆదివారాలన్నీ మైదానంలోనే గడిచాయి. హవల్దారన్న బస్సులో వచ్చేవాడు. మొదట వడ్రంగి చేత ఒక టేకు బల్ల చేయించాం. తుపాకీ తన్నినప్పుడల్లా అది వెనక్కి జరిగేది. కాళ్ళు కొంచెం ఏటవాలుగా పెట్టిస్తే నిలబడింది. దిండు సంగతి నా పని. తుపాకీ ముందు భాగం కింద పెట్టే దిండు దూదితో కుడితే మెత్తగా కుంగిపోయింది. ఇసుకతో నింపితే రాయిలా ఉండి తుపాకీని ఎగరేసింది. వేరుశనగ పొట్టు నింపితే రెండు వారాలకే నలిగి పిండి అయింది. ఆఖరికి ఏటి ఇసుక మూడు వంతులు, దూది ఒక వంతు కలిపి, గట్టి దుప్పటి గుడ్డలో కుట్టాను. అది కుదిరింది.

ఒకసారి అనుభవమున్న ఒకాయన సలహా మీద తుపాకీ మడమ కింద, అంటే భుజానికి ఆనే వెనక కొన కింద కూడా ఇంకో చిన్న దిండు పెట్టి చూశాం. ముందూ వెనకా రెండు దిండ్ల మధ్య రైఫిల్ కదలకుండా కూర్చుంది. హవల్దారన్న ఐదు గుండ్లు కాల్చాడు. ఐదూ నడిబొడ్డులో, అరచేత్తో మూసేంత జాగాలో పడ్డాయి. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. అతను వెనక దిండు తీసి నేల మీద పారేశాడు.

"ఇది పెడితే తుపాకీ కాలుస్తాది, నేను కాదు. ఇంజనీరు సారు చెప్పింది దీని గురించే. రాసుకో. వెనక దిండు లేదు."

అట్లా మొదటి నిబంధన రాశాను. ముందు ఒకటే దిండు. మోచేతులు రెండూ బల్ల మీద ఉండాలి. మడమ భుజానికే ఆనాలి, ఇంక దేనికీ ఆనకూడదు. కుర్చీ ఎత్తు ఎవరిష్టం వాళ్ళది. ఎందుకంటే బిగుసుకుపోయిన నడుములు ఒక్కొక్కటీ ఒక్కో ఎత్తులో ఆగుతాయి. హవల్దారన్న మెడ వంగదు కాబట్టి చెంప తుపాకీ కట్టెకు ఆనేది కాదు. దానికి నేను తోలుతో ఒక చెంపదిండు కుట్టి కట్టెకు కట్టాను. తుపాకీనే పైకి తెచ్చాం గానీ మెడను వంచమని అడగలేదు. అందుకే చెంపదిండు ఎంత మందం అన్నది కూడా ఎవరికి వాళ్ళకే వదిలేశాం. పుస్తకంలో అంతా కలిపి ఒక పేజీ అయింది.

మనుషుల్ని వెతకడం దిండు కుట్టడం కంటే కష్టమైంది. పాత సభ్యుల పేర్లు తీసి, ఎవరెవరు రావడం మానేశారో చూసి, ఒక్కొక్కరి ఇంటికి వెళ్ళాను. కంబదూరులో రిటైరైన నర్సమ్మ ఉంది. చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీలో బంగారు పతకం తెచ్చుకున్న మనిషి. తుంటి కీళ్ళు బిగుసుకుపోయి పదేళ్ళుగా తుపాకీ ముట్టలేదు.

"కూర్చొని కాల్చేదంటే ముసిలోళ్ళ విభాగమా?" అని అడిగింది.

"బల్ల విభాగం అక్కా."

"అట్లనే చెప్పు అందరికీ. ముసిలోళ్ళు అంటే నేను రాను," అంది. వస్తానని చెప్పడం అది.

ముదిగుబ్బ వైపు నుంచి సేద్యం చేసుకునే ఇద్దరు మాజీ సైనికులు, బ్యాంకు కాపలా పని నుంచి రిటైరైన ఒకాయన, పుట్టపర్తి దగ్గర పల్లెలో గొర్రెలూ కొంచెం చేనూ ఉన్న ఒక రైతు. హవల్దారన్నతో, నర్సమ్మతో కలిపి సరిగ్గా ఆరుగురు. ఏడో మనిషి దొరకలేదు. చెప్పినవాళ్ళలో చాలామంది, "ఇప్పుడెందుకన్నా, నలుగురిలో నవ్వులపాలు," అన్నారు.

మొదటి పోటీలో నవ్వినవాళ్ళు ఉన్నారు. బల్లలు మోస్తుంటే వెనకనుంచి ఎవరో, "భోజనాలు ఎప్పుడు వడ్డిస్తారన్నా?" అన్నారు. ఐదు వందల మీటర్లలో హవల్దారన్నకు ఎనభై ఎనిమిది వచ్చింది, నర్సమ్మకు డెబ్బై ఒకటి, మిగతావాళ్ళకు అంతకంటే తక్కువ. వందకు వంద ఎవరికీ రాలేదు. బల్ల వణకదు గానీ గాలి గాలే. సాయంత్రం ఇంజనీరు సారు మార్కుల పట్టీ రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు. రెండో పోటీ చలికాలంలో జరిగింది. ఆరుగురూ వచ్చారు. నవ్వులు తగ్గాయి.

మూడో పోటీ మృగశిర కార్తెలో పెట్టారు. ఆ ఏడు మే నెలంతా చుక్క లేదు. పోటీకి రెండు రోజుల ముందు, శుక్రవారం సాయంత్రం మబ్బు పట్టి, ఒకటే వాన. మా అంగడి ముందు నీళ్ళు పారుతుంటే వీధిలో అందరూ బయటికి వచ్చి నిలబడి చూశారు. నేనూ చూశాను. సంతోషమే. వెంటనే ఆదివారం పోటీ గుర్తొచ్చింది. నా ఆరుగురిలో నలుగురు రైతులు. భూమి పదునైతే ఆ రెండు మూడు రోజుల్లోనే విత్తనం పడాలి. మళ్ళీ వాన ఎప్పుడో మా నేలలో ఎవరూ చెప్పలేరు.

శనివారం పొద్దున గొర్రెల రైతు ఫోన్ చేశాడు.

"అన్నా, పదునైంది. రేపు మధ్యాన్నం ట్రాక్టరు వంతు నాది. ఇడిస్తే మళ్ళ నాలుగు రోజులకు గాని దొరకదు. రాలేనన్నా."

రమ్మని ఎట్లా అడుగుతాను? "వేసుకో అన్నా. బాగా పండల్ల," అన్నాను. వెంటనే హవల్దారన్నకు ఫోన్ చేశాను. అతనిది పదెకరాల చేను. మాట్లాడింది వాళ్ళావిడ.

"ఆయప్ప చేన్లో ఉండాడు. రేపు వస్తాడులే, నేను చూసుకుంటా విత్తేది," అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఈడ ఉండి ఆయప్ప చేసేది మాత్రం ఏముంది? వంగి ఒక గింజ ఏరలేడు. ఆడైతే నువ్వు చెప్పినట్ల కూర్చుంటాడు. వస్తాడు," అంది.

మాజీ సైనికులిద్దరూ కూడా ఎట్లాగో పని వేరేవాళ్ళకు అప్పజెప్పి వస్తామన్నారు. ఐదుగురు. ఆ రోజంతా నేను ఫోన్ పట్టుకునే ఉన్నాను. ఇంతకుముందు కాదన్నవాళ్ళందరినీ మళ్ళీ అడిగాను. ఎవరూ ఊళ్ళో లేరు, అందరూ చేన్లలో ఉన్నారు.

ఆదివారం పొద్దున తొమ్మిదికి పేర్ల నమోదు ముగుస్తుంది. ఎనిమిదిన్నరకు ఐదు బల్లల దగ్గర ఐదుగురూ కూర్చున్నారు. నర్సమ్మ కంబదూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. ఆరో బల్ల ఖాళీగా ఉంది.

ఇంజనీరు సారు దగ్గరికి వెళ్ళి, "నేను కూర్చుంటా సార్," అన్నాను.

"పోటీ జరిపించే కార్యదర్శి పోటీలో ఎట్ల ఉంటాడప్పా? నీకు నేను చెప్పల్నా?"

"అయితే గొర్రెల రైతు పేరు రాయండి. వాన వల్ల రాలేదని రాద్దాం."

"ఐదుగురైతే ఐదుగురే." ఆయన ముఖంలో సంతోషం ఏమీ లేదు. "నాకూ బాగనిపించల్యా. రాసుకున్నాం కదా."

తొమ్మిదికి పది నిమిషాలు ఉండగా కాంట్రాక్టరు వచ్చాడు. రోడ్డు పనులు చేయించే మనిషి, ముప్పై ఐదేళ్ళవాడు, పొద్దునే ఐదు కిలోమీటర్లు పరిగెత్తే మనిషి. ప్రతి పోటీలో పడుకునే కాలుస్తాడు, ఎప్పుడూ పదిహేనో స్థానం దగ్గర ఆగిపోతాడు. నా ముందు నిలబడి, "నా పేరు బల్ల దాంట్లో రాయన్నా," అన్నాడు.

"నీకేమైంది?"

"ఏం కాల్యా. పడుకుంటే ముప్పై మందిలో నాకు మెడల్ ఎప్పుడొస్తాది? ఈడ ఐదుగురే కదా ఉండేది."

దాపరికం లేకుండా అంత మాట అన్నాడు. నాకు తల తిరిగినంత కోపం వచ్చింది. "ఇది నీ కోసం పెట్టింది కాదు," అన్నాను. గొంతు పైకి లేచింది. బల్లల దగ్గరున్నవాళ్ళు విన్నారు. హవల్దారన్న కుర్చీలోంచి మెల్లగా లేచి, మొత్తం మనిషి మావైపు తిరిగాడు.

"రూల్లో యాడన్నా ఉందా ఆయప్ప రాకూడదని?"

"లేదు. కానీ అన్నా..."

"లేదు కదా. నువ్వూ నేనూ కూర్చొనే రాసినాం. రాయి పేరు."

"మెడల్ కోసం వచ్చినానంటాండాడు!"

"మనమేం దానికి రాలేదా?" అన్నాడు. నర్సమ్మ గట్టిగా నవ్వింది.

రాశాను. అప్పుడు గానీ నాకు తట్టలేదు, ఆ పేరుతో ఆరుగురయ్యారని. నన్ను నిలబెట్టింది నేను తరిమేయాలనుకున్న మనిషే. ఇంజనీరు సారు పట్టీ చూసి, వేలితో ఆరు పేర్లూ లెక్కపెట్టి, "సరే, మొదలుపెట్టండి," అన్నాడు.

వాన కురిసిన నేల కాబట్టి ఆ రోజు దుమ్ము లేదు. ఎండమావులు సరిగా కనపడలేదు. గాలి మాత్రం తగ్గలేదు. గుట్టల మీద గాలిమరలు ఆగకుండా తిరుగుతున్నాయి. మూడు వందల మీటర్లలో హవల్దారన్నకు తొంభై మూడు, కాంట్రాక్టరుకు తొంభై. ఐదు వందల మీటర్లలో పది గుండ్లకు పదిహేను నిమిషాలు. తొమ్మిది గుండ్ల దాకా హవల్దారన్నే ముందున్నాడు. పదో గుండు లోపల పెట్టి, కన్ను ఆనించి, ఆగిపోయాడు. గాలి తీరు చూపే జెండా వాలిపోతోంది, లేస్తోంది, మళ్ళీ వాలిపోతోంది. నేను గడియారం చూస్తున్నాను. రెండు నిమిషాలు. ఒకటి. అరవాలనిపించింది. పోటీ మధ్యలో అరవకూడదు. చెయ్యి ట్రిగ్గరు మీదే ఉంది, నొక్కలేదు. ఈల పడింది. సమయం అయిపోయింది. అతను బోల్టు తెరిచి, కాల్చని గుండును బల్ల మీద నిలబెట్టాడు.

కాంట్రాక్టరుకు బంగారు పతకం. హవల్దారన్నకు నాలుగు మార్కుల తేడాతో వెండి. నర్సమ్మకు కంచు.

అందరూ వెళ్ళాక నేను బల్ల ఎత్తుతూ అడిగాను. "ఎట్లనో ఒకట్ల కాల్చింటే ఐదన్నా వచ్చేది కదన్నా. ఐదొస్తే నువ్వే గెలిచేవాడివి."

"గాలి కుదరల్యా," అన్నాడు. "కుదరనప్పుడు కాల్చేది నాకు రాదప్పా. ఈ వయసులో యాడ నేర్చుకునేది?" తర్వాత కాంట్రాక్టరును పిలిచి, "ఆయాసం లేకుండా కాల్చినావు. బాగుంది. వచ్చే ఏడు కూడా రా," అన్నాడు. కాంట్రాక్టరు పతకం జేబులో పెట్టుకుంటూ సిగ్గుపడ్డాడో లేదో నాకు తెలియలేదు. మరుసటి ఏడు అతను బల్ల దగ్గరికి రాలేదు. చాప మీదికే పోయాడు.

ఇంజనీరు సారు మరుసటి సమావేశంలో బల్ల విభాగాన్ని నిబంధనల పుస్తకంలో శాశ్వతంగా చేర్చే తీర్మానం తానే చదివాడు. కాంట్రాక్టరు సంగతి గుర్తు చేసి సర్టిఫికెట్టు నిబంధన పెడదామా అని అడిగాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో పెడదామనే అనాలనిపించింది. ఆ పతకం హవల్దారన్నకు దక్కలేదన్న మంట నాలో ఇంకా తగ్గలేదు. అయినా వద్దన్నాను. ఆరో మనిషి ఏ దారిన వచ్చాడో నా కళ్ళతో చూశాను కదా.

ఆ తర్వాత పక్క జిల్లాల నుంచి రెండు క్లబ్బులవాళ్ళు మా పేజీ పంపమని అడిగారు. పంపాను, దిండు కొలతలతో సహా. ఒక క్లబ్బువాళ్ళు వెనక దిండు కూడా పెట్టుకుంటామన్నారు. వాళ్ళకు నేను పెద్ద ఉత్తరమే రాశాను. ఈ ఏడు మా దగ్గర బల్ల విభాగంలో పదకొండు మంది కాల్చారు. నర్సమ్మ మొదటి స్థానం. హవల్దారన్న నాలుగో స్థానంలో వచ్చి, తప్పు నా దిండుదేనని అందరి ముందూ నన్ను తిట్టాడు. విప్పి చూస్తే ఇసుక నిజంగానే ఒక పక్కకు జారి ఉంది. మళ్ళీ కుడుతున్నాను.